కాపాడమని అడిగినవారిని అడగకుండా హద్దులు మార్చవద్దు

అమెరికా ఇంటీరియర్ శాఖ మంత్రి శ్రీ డగ్ బర్గమ్ గారికి,

నమస్కారములు.

నేను న్యూ మెక్సికో రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువాడిని. రియో గ్రాండే డెల్ నోర్టే, ఆర్గన్ మౌంటెన్స్–డెజర్ట్ పీక్స్ అనే రెండు నేషనల్ మాన్యుమెంట్ల (అధ్యక్షుడి ప్రకటనతో రక్షణ పొందిన ప్రభుత్వ భూముల) గురించి, వాటిని పట్టుబట్టి సాధించుకున్న ఇక్కడి హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) ప్రజల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. ఈ దేశంలో ఓటుహక్కు ఉన్న తెలుగు కుటుంబాలకు కూడా విషయం తెలియాలని తెలుగులో ప్రచురిస్తున్నాను.

ఆర్గన్ మౌంటెన్స్‌తో సహా ఆరు మాన్యుమెంట్ల విస్తీర్ణాన్ని తగ్గించే ఆలోచన మీ శాఖలో ఉన్నట్టు 2025 ఏప్రిల్‌లో పత్రికలు రాశాయి. పూర్వ అధ్యక్షులు ప్రకటించిన మాన్యుమెంట్లను రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి ఉందని జూన్‌లో న్యాయశాఖ అభిప్రాయం వెలువరించింది. 1938లో అదే శాఖ ఇచ్చిన అభిప్రాయానికి ఇది పూర్తి విరుద్ధం. అధికారం ఉందో లేదో కోర్టులు తేలుస్తాయి. ఈ భూములను కాపాడమని అడిగినది ఎవరు, ఎందుకు అడిగారు అన్నది తెలుసుకోకుండా హద్దుల జోలికి వెళ్లవద్దన్నదే నా విన్నపం.

1848లో గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో ఈ ప్రాంతం మెక్సికో నుంచి అమెరికా చేతికి వచ్చేనాటికి, ఇక్కడి ఊళ్లకు స్పెయిన్, మెక్సికో ప్రభుత్వాలు మంజూరు చేసిన ల్యాండ్ గ్రాంట్లు ఉండేవి. ఇల్లూ పొలమూ ఎవరివి వారివే; మేతకూ వంటచెరకుకూ వేటకూ ఊరందరికీ కలిపి ఉమ్మడి భూమి ఉండేది. ఆస్తిహక్కులను గౌరవిస్తామని ఆ ఒప్పందంలో మాట ఇచ్చారు. అయితే ఆ ఉమ్మడి భూమి ఊరిది కాదని, ప్రభుత్వానిదేనని 1897లో శాండోవల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చడంతో, శాన్ మిగెల్ దెల్ బాదో అనే ఒక్క గ్రాంటులోనే 3 లక్షలకు పైగా ఎకరాలపై హక్కు కోరినవారికి సుమారు 5 వేల ఎకరాలు దక్కాయి. రాష్ట్రంలో ఇలా చేజారిన గ్రాంటు భూములు ఎన్నో కార్సన్, శాంటా ఫే నేషనల్ ఫారెస్టులలో కలిసిపోయాయి. తాతలు గొర్రెలు మేపిన కొండ మీద ఎండుకట్టెలు తెచ్చుకోవడానికి మనుమలు పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టుకోవలసి రావడం, ఉత్తర న్యూ మెక్సికో ఇళ్లలో నేటికీ మానని గాయం. వాషింగ్టన్‌ను నమ్మకపోవడానికి ఈ ప్రజలకు ఉన్నంత కారణం బహు కొద్దిమందికే ఉంటుంది.

అటువంటివారే ముందుకు వచ్చి, టావోస్ ఎగువన రియో గ్రాండే లోయను, దాని చుట్టూ ఉన్న మైదానాన్ని ఫెడరల్ రక్షణలో ఉంచమని అడిగారు. గ్రాంటు వారసులు, సాగునీటి కాలువల రైతులు, వేటగాళ్లు, పశువుల కాపరులు ఆ కోరికలో కలిశారు. 2013 మార్చి 25న దాదాపు 2,42,500 ఎకరాలతో మాన్యుమెంట్ ఏర్పడింది. వంటచెరకు, పిన్యోన్ అనే పైన్ చెట్ల గింజలు సొంతానికి ఏరుకునే ఆచారం కొనసాగుతుందని ఆ ప్రకటనలోనే రాశారు, పశువుల మేత పర్మిట్లనూ యథాతథంగా ఉంచారు. 1897 తీర్పు కాదన్న వాడుకలకు ఒక ప్రభుత్వ పత్రం మళ్లీ గౌరవం ఇవ్వడం చిన్న సంగతి కాదు.

ఆ రైతులు కాలువను ఎలా చూసుకుంటారో మీరు ఒక వసంతంలో వచ్చి చూడాలని నా కోరిక. అసేకియా అంటే నది నుంచి పొలాలకు మట్టిలో తవ్వుకున్న కాలువ. కొన్ని 300 ఏళ్లకు పైబడినవి. నీరు వదలడానికి ముందు కుటుంబానికి ఒకరు చొప్పున పారలతో కాలువలోకి దిగి, పేరుకున్న ఒండ్రును గట్టు మీదికి ఎత్తిపోస్తారు, విల్లో వేళ్లు నరుకుతారు, కొట్టుకువచ్చిన సీసాలూ డబ్బాలూ ఏరేస్తారు. ఎవరి నీటి వాటాకు తగిన శ్రమ వారిది. పనిని పంచేదీ, ఆపైన వంతుల ప్రకారం నీరు వదిలేదీ మయోర్డోమో. తెలుగు పల్లెల్లో చెరువు నీటికి నీరటికాడు ఎలాగో, ఇక్కడ ఆయన అలాగ. ఆ నీరు పుట్టేది ఎగువ కొండల మీది మంచులో కనుక, కొండ చెడితే కాలువ ఎండుతుందని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పర్యావరణ పరిరక్షణ ఏదో పట్టణవాసుల సరదా అని అనుకునేవారికి ఆ ఒక్క ఉదయం చాలు.

దక్షిణాన లాస్ క్రూసెస్ చుట్టూ 4,96,330 ఎకరాల ఆర్గన్ మౌంటెన్స్ మాన్యుమెంట్ 2014 మే 21న ఏర్పడింది. అది ఉన్న డోనా ఆనా కౌంటీలో మూడింట రెండు వంతుల మంది హిస్పానిక్‌లు. అక్కడి రోబ్లెదో కొండలకు, 1598లో స్పెయిన్ సేనాని ఒన్యాతె దండుతో వచ్చి ఆ దారిలోనే మరణించిన పెద్రో రోబ్లెదో పేరు నిలిచింది. 2017లో అప్పటి మంత్రి రయాన్ జింకీ సమీక్ష జరిపి, ఈ రెండు ప్రకటనలనూ సవరించాలని సిఫారసు చేశారు. ఆ తరువాత ఏమి జరిగిందో దయచేసి గుర్తు చేసుకోండి: 2019లో సెనేట్ 92–8 ఓట్లతో ఆమోదించిన డింగెల్ చట్టం, ఈ రెండు మాన్యుమెంట్ల లోపలి భూమిలో కొంత భాగానికి వైల్డర్‌నెస్‌గా, అంటే రోడ్లూ కట్టడాలూ లేకుండా సహజంగా ఉంచవలసిన భూమిగా, మరింత గట్టి రక్షణ ఇచ్చింది. దానిపై సంతకం చేసినది అధ్యక్షుడు ట్రంప్ గారే.

కాబట్టి నేను కోరేవి ఇవి. హద్దులను గానీ, ప్రకటనల పాఠాన్ని గానీ మార్చే ప్రతిపాదన ఏదైనా ఉంటే, నిర్ణయానికి ముందే దానిని పూర్తిగా బయటపెట్టి, టావోస్, క్వెస్టా, లాస్ క్రూసెస్‌లలో బహిరంగ విచారణలు జరపండి. వాటిని పనిచేసేవారికి వీలుపడే సాయంత్రాలలో, స్పానిష్ అనువాదకులతో పెట్టండి. ఇంటర్నెట్‌లో అభిప్రాయాలు తీసుకున్నామని సరిపెట్టవద్దు. ఊళ్లలోని పెద్దలు చాలామంది ఎదుట నిలబడి చెప్పేవారే కానీ ఫారాలు నింపేవారు కాదు. అసేకియా సంఘాలను, ల్యాండ్ గ్రాంట్ సంఘాలను సాధారణ సందర్శకులతో కలిపి లెక్కించకుండా, ఈ భూములను చూసుకునే మీ శాఖ విభాగం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ప్రణాళికల తయారీలో మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి. అల్బుకర్కీ సౌత్ వ్యాలీలో పాత పాడి క్షేత్రాన్ని వాయే దె ఓరో వన్యప్రాణి ఆశ్రయంగా మార్చినప్పుడు చుట్టుపక్కల హిస్పానిక్ కుటుంబాలను మీ శాఖే అలా కలుపుకుపోయింది. చేతకాని పని ఏమీ కాదు.

మొదటి విచారణకు మీరే స్వయంగా రావాలని, తేదీని కనీసం రెండు నెలల ముందు ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
అల్బుకర్కీలో నివసిస్తున్న ఒక తెలుగు పౌరుడు