"24 గంటల ఆయా" అనే మాటను మా బోర్డు మీద నుంచి తీసేస్తున్నాం

కర్నూలు నంద్యాల రోడ్డులోని మా చిన్న ఆఫీసు ద్వారా ఇంట్లో ఆయాను ఉంచుకున్న కుటుంబాలకూ, రాబోయే నెలల్లో కాన్పు ఉందని ముందే పేరు రాయించుకున్నవారికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా మా బోర్డు మీద "బాలింతలకు, పసిబిడ్డలకు 24 గంటల ఆయాలు లభించును" అని ఉంది. ఆ మాట రాయించింది నేనే. వచ్చే నెల 1వ తేదీ నుంచి ఆ మాట బోర్డు మీదా ఉండదు, ఒప్పందం కాగితంలోనూ ఉండదు. ఎందుకు తీసేస్తున్నామో, దానివల్ల మీ ఇంట్లో ఏమి మారుతుందో, ఖర్చు ఎంత పెరుగుతుందో దాచకుండా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

గత వేసవిలో ఒక ఇంట్లో మా ఆయా నలభై రోజులకు పైగా పనిచేసింది. రాత్రంతా రెండు గంటలకోసారి లేచే బిడ్డ. తెల్లవారితే బాలింతకు స్నానం, బిడ్డకు స్నానం, గుడ్డలు, పథ్యం వంట, బిడ్డను చూడటానికి వచ్చే చుట్టాలకు కాఫీలు, టీలు. ఒకనాడు తెల్లవారుజామున పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తూ, ఆమె కుర్చీలోనే నిద్రలోకి జారిపోయింది. బిడ్డ ఒడిలోంచి జారి, అదృష్టం బాగుండి, కింద పరిచిన బొంత మీద పడింది. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి చూసి, ఏ దెబ్బా తగలలేదని చెప్పి పంపారు. ఆ కుటుంబం నాకు ఫోన్ చేసినప్పుడు నేను చేసిన మొదటి పని ఆయాను మందలించి, వెనక్కి పిలిపించి, మరొకరిని పంపడం. మూడు రోజుల తర్వాత ఆమె ఆఫీసుకు వచ్చి కూర్చుని, "అక్కా, ఆ ఇంట్లో నేను కన్ను మూసిన రాత్రి ఒక్కటీ లేదు" అంది. నేను ప్రతి వారం ఆ ఇంటివారికి ఫోన్ చేసి ఆయా బాగా చేస్తోందా అని అడిగాను. ఆమెకు ఫోన్ చేసి నిద్రపోతున్నావా అని ఒక్కసారి కూడా అడగలేదు. 24 గంటలు మెలకువగా ఉండే మనిషిని ఇస్తామని బోర్డు మీద రాసిన తర్వాత, ఆ కుటుంబం అలాగే వాడుకుందంటే తప్పు వారిది అనలేను. ఇద్దరికీ క్షమాపణ చెప్పాను, ఆ కుటుంబానికి మా రుసుము తిరిగి ఇచ్చాను. ఆమె ఇప్పటికీ మాతోనే పనిచేస్తోంది.

ఇకనుంచి మా ఆయా ఏ ఇంట్లో ఉన్నా రోజుకు 8 గంటల విశ్రాంతి ఉండాలి, అందులో 6 గంటలు మధ్యలో లేపకుండా ఉండాలి. ఇది ఆమె మీద దయ చూపడం కోసం పెట్టిన నిబంధన మాత్రమే కాదు, మీ బిడ్డ క్షేమం కోసం పెట్టిన నిబంధన. నిద్రలేని మనిషి బిడ్డను ఎత్తుకుని కుర్చీలోనో సోఫాలోనో కూర్చుని కునుకుతీస్తే జరిగే ప్రమాదం, బిడ్డతో మంచం మీద నిద్రపోతే జరిగే ప్రమాదం కన్నా పెద్దది. ఒళ్లో ఉన్న బిడ్డ కిందికి జారవచ్చు, మెత్తల మధ్య ఇరుక్కుని ఊపిరాడకుండా పోవచ్చు. ఆయా అయినా, తల్లి అయినా, జేజి (నాయనమ్మ, అమ్మమ్మ) అయినా, కళ్లు మూతలు పడుతున్నాయనిపిస్తే బిడ్డను వెంటనే గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్కన దిండ్లు, మందపాటి దుప్పట్లు, బొమ్మలు ఉంచకూడదు. చీర ఉయ్యాలలో నిద్రపుచ్చడం మన ఇళ్లలో ఉన్నదే. అయితే అందులో బిడ్డ గడ్డం ఛాతీకి నొక్కుకుపోయే వీలుంది కనుక, నిద్రపట్టాక తీసి చదునైన పక్క మీదకు మార్చమని మా ఆయాలకు చెబుతున్నాం.

ఆ 6 గంటలు ఎక్కడినుంచి తేవాలన్నది ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న. రెండు దారులున్నాయి. ఆయా రాత్రి 10 నుంచి 4 వరకు పడుకుంటే ఆ వేళ బిడ్డను ఇంటివారు చూసుకోవాలి. తల్లి పాలిస్తుంది కనుక ఆమె ఎటూ లేస్తుంది. బిడ్డను ఆమె చేతికి అందించడం, త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, మళ్లీ పడుకోబెట్టడం తండ్రి చేయవచ్చు. అది ఆడవాళ్ల పని అనే తండ్రులు నా దగ్గరకు చాలామంది వచ్చారు. వారిలో పది రోజులు చేసి చూసినవారు ఆ తర్వాత మానలేదు. రెండో దారి, రాత్రి బాధ్యత మొత్తం ఆయా తీసుకుని ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు తలుపు వేసుకుని నిద్రపోవడం. అలాంటప్పుడు ఆ వేళ వంటకూ గుడ్డలకూ ఆమెను పిలవకూడదు. ఇంట్లో తల్లి తప్ప మరో పెద్ద మనిషి లేని కుటుంబాలకు ఒక్క ఆయా చాలదని ఇకమీదట ముందే చెబుతాం. పగటికి ఒకరు, రాత్రికి ఒకరు కావాలి. అది ఖరీదైన మాటే, నాకు తెలుసు. మొదటి నలభై రోజులకు మాత్రమే ఇద్దరిని పెట్టుకుని తర్వాత ఒకరిని తగ్గించుకునే వీలు కల్పిస్తున్నాం.

కాన్పు అయ్యాక ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, రేపు ఉదయానికి మనిషి కావాలి అనే కుటుంబాలే నూటికి సగానికి పైగా వస్తాయి. ఆ తొందరలో ఎవరికి ఎవరు సరిపోతారో చూసే సమయం మాకు ఉండదు. ఏడో నెలలోనే ఆయాను ఒకసారి ఇంటికి పిలిపించుకుని మాట్లాడండి. ఆమె ఎక్కడ పడుకుంటుందో, సామాన్లు ఎక్కడ పెట్టుకుంటుందో, ఏ బాత్రూమ్ వాడుతుందో చూపించండి. పిల్లల పని ఎంతవరకు, ఇంటి పని ఎంతవరకు అన్నది ఆ రోజే తేల్చుకోండి. బిడ్డ గుడ్డలు, బిడ్డ గిన్నెలు, బాలింత పథ్యం ఆయా పనిలోకి వస్తాయి. ఇల్లంతా తుడవడం, అందరి బట్టలు ఉతకడం రావు.

ఉద్యోగం చేసే తల్లులు మరో లెక్క వేసుకోవాలి. 2017 సవరణతో ప్రైవేటు సంస్థల్లో మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలు అయింది. మూడో కాన్పుకు 12 వారాలే. ఆ 26 వారాల్లో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. అలా వాడుకున్నవారికి కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలలు దాటి కొద్ది రోజులు. ఆరు నెలలు ఇంట్లో ఉంటామనుకుని ఆయాను ఆరో నెలకు మాట్లాడుకున్న ఇద్దరు తల్లులు చివరి వారంలో ఎంత కంగారుపడ్డారో చూశాను. 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ కూడా అదే సవరణలో ఉంది. మీ ఆఫీసులో అడిగి చూడండి. ఏదేమైనా ఆయా మీరు పనికి వెళ్లే రోజున కాక, నెల ముందు ఇంట్లోకి రావాలి.

ఆ నెలలో నేర్చుకోవలసిన వాటిలో ముఖ్యమైనది పిండి ఉంచిన తల్లిపాలు పట్టడం. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు, మన ఎండల్లో కూడా అవసరం లేదు. పిండిన పాలు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయని చాలామంది చదివి ఉంటారు. అది 25 డిగ్రీల గదికి చెప్పిన లెక్క. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే కర్నూలులో ఆ లెక్క పనికిరాదు. పిండిన వెంటనే మూత ఉన్న గిన్నెలో పోసి, తేదీ, సమయం రాసి, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టాలి. అక్కడ నాలుగు రోజుల వరకు వాడుకోవచ్చు. కరెంటు ఎక్కువసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గిందనిపిస్తే ఆ పాలను పట్టవద్దు. వేడి చేయడానికి గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, పొయ్యి మీద పెట్టకూడదు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. సీసాకు బదులు ఉగ్గుగిన్నెతో, చెంచాతో పట్టడం మా ఆయాలందరికీ నేర్పించాం. సీసా కడగడంలో జరిగే పొరపాట్లు అందులో తక్కువ.

ఇక జేజి ఒక మాట, డాక్టరు ఒక మాట, మధ్యలో ఆయా అన్న పరిస్థితి. ఎవరి మాట చివరిదో తల్లిదండ్రులు ముందే తేల్చి, ఆయాకు చెప్పాలి. లేకపోతే పొద్దున ఒకరు మెచ్చుకున్న పనికి సాయంత్రం మరొకరు తిడతారు. బిడ్డకు నూనెతో మెల్లగా ఒళ్లు పట్టడం, పాటపాడి నిద్రపుచ్చడం, బాలింతకు వేడివేడి అన్నం పెట్టడం జేజిల దగ్గర నేర్చుకోవలసినవే, వాటిని నేను గౌరవిస్తాను. కానీ కొన్నింటిని మా ఆయాలు చేయరు. ఏడాది నిండని బిడ్డ నాలుక మీద తేనె రాయరు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి చిన్న పిల్లల పేగుల్లో విషం పుట్టించి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. ముక్కులో, చెవిలో నూనె పోయరు. వస, ఆముదం తాగించరు. కళ్లకు కాటుక పెట్టరు, ఎందుకంటే కాటుకల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగలో బిడ్డను ఉంచరు. ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెద్దవాళ్లకు ఈ మాటలు ఆయా నోటినుంచి కాక, కొడుకు లేదా కూతురి నోటినుంచి వినిపించండి.

గోడ మీద ఒక కాగితం అంటించండి. మీ ఇద్దరి నంబర్లు, డాక్టరు నంబరు, 108. రెండు నెలల లోపు బిడ్డ పాలు మానేసినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, ఒళ్లు చల్లబడినా, 38 డిగ్రీలకు చేరిన జ్వరం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, మీరు ఫోన్ ఎత్తేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లే అనుమతి ఆయాకు రాతపూర్వకంగా ఇవ్వండి.

మా దగ్గర పనిచేసేవారిలో ఎక్కువమంది కోసిగి, ఆదోని, పత్తికొండ వైపువారు. వానలు లేక, చేతిలో పని లేక సుగ్గికి, అంటే కూలి పనులకు వలసగా, గుంటూరు వైపు మిరపకోతలకు పోయే కుటుంబాలు. తాము కూడా పోతే పిల్లల బడి మానిపించాల్సి వస్తుందని, వాళ్లను జేజి దగ్గర వదిలి ఈ పనికి వచ్చినవారు వీరు. మీ బిడ్డను ఎత్తుకున్న చేతులతోనే తమ బిడ్డలకు ఫోన్ చేస్తారు. సాయంత్రం అరగంట ఆ ఫోన్‌కు వదలండి. వారానికి ఒక రోజు సెలవు, దసరాకు, పీర్ల పండుగకు, ఉగాదికి ఊరెళ్లే సెలవు ఒప్పందంలో ఉంటుంది; ఆ రోజులకు మేము వేరొకరిని పంపుతాం. వేరే పళ్లెం, వేరే గ్లాసు పెట్టి, కింద కూర్చోబెట్టి అన్నం పెట్టే ఇంటికి మేము ఇక మనిషిని పంపము. ఇంట్లో కెమెరాలు ఉంటే ఎక్కడున్నాయో మొదటి రోజే చూపించాలి, ఆమె పడుకునే చోట, బట్టలు మార్చుకునే చోట ఉండకూడదు.

పన్నెండేళ్ల పిల్ల అయినా ఫర్వాలేదు, బిడ్డతో ఆడుకుంటే చాలు అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటి పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరులోనే నిషేధించారు. మేము 21 ఏళ్లు నిండనివారిని తీసుకోము. ఆధార్, ఊరిలో ఇద్దరి హామీ, క్షయ లేదని ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చూసిన తర్వాతే ఇంటికి పంపుతాం; క్షయ పసిబిడ్డలకు త్వరగా అంటుకుంటుంది, తీవ్రంగా మారుతుంది. ఈ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా జరుగుతాయి.

డబ్బు విషయం. ఇప్పటివరకు ఆయా మొదటి నెల జీతంలో కొంత మేము తీసుకునేవాళ్లం. అది తప్పు, ఆపేస్తున్నాం. మా రుసుము ఇకమీదట కుటుంబం నుంచే ఉంటుంది, అందువల్ల మీరు మాకు కట్టేది పెరుగుతుంది. రాత్రి బాధ్యత ఉన్న ఇళ్లకు జీతం నెలకు 2,000 రూపాయలు ఎక్కువ. జీతం 5వ తేదీలోపు నేరుగా ఆమె ఖాతాలో పడాలి. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా మేమే కట్టిస్తాం. మొదటి 7 రోజులు పరీక్షా కాలం. ఎవరికి నచ్చకపోయినా, మీకైనా ఆమెకైనా, కారణం అడగకుండా మార్పిస్తాం.

ఆయాను మానిపించేటప్పుడు రెండు వారాల ముందు చెప్పండి. ఏడెనిమిది నెలల బిడ్డ అలవాటుపడిన మనిషి ఒక్కరోజులో కనబడకపోతే రాత్రుళ్లు ఏడుస్తుంది. కొత్తామె వచ్చాక పాతామె కొద్ది రోజులు పక్కన ఉంటే ఆ బాధ తగ్గుతుంది.

ఇప్పటికే ఒప్పందం ఉన్న కుటుంబాలకు గడువు ముగిసేదాకా జీతమూ రుసుమూ పాతవే, నిద్ర నిబంధన మాత్రం ఇప్పటినుంచే. ఈ నెలాఖరులోపు ప్రతి ఇంటికీ నేనే వస్తాను. ఆయా పడుకునే చోటు చూస్తాను, ఆమెతో పది నిమిషాలు విడిగా మాట్లాడతాను. ఈ మార్పులు కుదరవనుకునేవారికి మిగిలిన రోజుల రుసుము లెక్కకట్టి వారంలోపు తిరిగి ఇస్తాను. వచ్చేముందు ఫోన్ చేస్తాను, బిడ్డ నిద్రపోయే వేళ ఏదో అప్పుడు చెప్పండి, ఆ వేళకు కాకుండా వస్తాను.