డిగ్రీ పిల్లల ప్రాజెక్టుకు మన వీధులే ఇవ్వండి

సంపాదకుడు గారికి,

డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి రాస్తున్నాను. రాష్ట్ర ఉన్నత విద్యామండలి దీనికి 180 గంటలు కేటాయించింది. పిల్లలు జనంలోకి వెళ్లాలి, ఒక సమస్యను దగ్గర నుంచి చూడాలి, చూసింది రాయాలి అన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. జరుగుతున్నదేమిటో మాత్రం తిరుపతిలో ఏ జెరాక్స్ షాపులో అడిగినా చెప్తారు. సీనియర్ల రిపోర్టు తెచ్చుకుని, అట్ట మీద పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ వేయించి ఇచ్చేసేవాళ్లు చాలామంది. ఎండలో తిరిగి కష్టపడి రాసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి రిపోర్టులూ వెళ్లేది ఒకే బీరువాలోకి. ఎవరూ చదవరని తెలిసిన రాత మీద ఎవరికి మాత్రం శ్రద్ధ ఉంటుంది?

నా మనవి ఒకటే. తిరుపతిలో చదివే పిల్లలకు ఈ ప్రాజెక్టు కింద ఊళ్లో తలా ఒక వీధి అప్పగించండి. అది ఎలా కట్టారు, ఎవరికి పనికొస్తోంది, ఎవరిని ఇబ్బంది పెడుతోంది అన్నది నాలుగైదు పేజీల్లో తెలుగులో రాయించండి. ఆ కాగితాలు వార్డు సచివాలయంలో, ఆ వీధి జనం కంటబడే గోడ మీద పెట్టించండి. తెలుగులోనే అని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంగ్లిషులో అయితే ఎక్కడి పేరాలైనా ఎత్తి అతికించేయవచ్చు. పక్కింటి అత్తమ్మ చదువుతుందని తెలిసి తెలుగులో రాయాలంటే చూసొచ్చిందే రాయాలి.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా కొన్ని బ్యాచ్‌లతో ఈ పని చేయించాను. పిల్లలు రాసింది కాలేజీ వరండాలో గోడపత్రికగా పెట్టేవాళ్లం, ఒక కాపీ ఆ వీధిలోని టీకొట్టు దగ్గర అంటించేవాళ్లం. ఒకబ్బాయి ఫుట్‌పాత్ మీది పండ్ల బండ్లన్నీ ఆక్రమణలని, తీసేయాలని రాశాడు. మర్నాడు అరటిపండ్ల బండి ఆమె వాణ్ణి పట్టుకుంది. "నాయనా, మా బండి తీస్తే జాగా వస్తుందన్నావు గదా, ఆ షాపు మెట్లు రోడ్డు మీదికి ఎంత వచ్చినాయో కొలిచినావా?" అంది. కొలవలేదు. టేపు తీసుకెళ్లి కొలిచాక వాడి రెండో వ్యాసం పూర్తిగా మారిపోయింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వెతుక్కుని చదివాడు. సర్వే చేసి గుర్తింపు ఇవ్వకుండా బండ్లను ఖాళీ చేయించకూడదని అందులో ఉందని తెలుసుకున్నాడు. ఆ చట్టాన్ని నేను క్లాసులో చెప్పి ఉంటే పరీక్ష మర్నాటికే మరిచిపోయేవాడు.

మార్కులు వేసే మాస్టారు తప్పు పట్టడం వేరు, ఆ వీధిలో బతికేవాళ్లు తప్పు పట్టడం వేరు. మాస్టారితో మార్కుల దగ్గర తేలిపోతుంది. వీధివాళ్లు అడిగితే మళ్లీ వెళ్లి చూసిరావాలి.

చూడటానికి మన ఊళ్లో కొదవేముంది? బస్టాండు దగ్గర యాత్రికులను గమనిస్తే చాలు. చంకలో బిడ్డ, చేతిలో సూట్‌కేసు, పక్కన ముసలి తల్లి. ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా రోడ్డు మీదే నడుస్తారు. జనానికి క్రమశిక్షణ లేదని మనం తీర్పు చెప్పేస్తాం. కొలతలు తీస్తే తప్పు ఎవరిదో తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ రెండు అంకెలూ, ఒక టేపూ ఇచ్చి పంపండి. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ అడ్డొచ్చింది, చక్రాల సూట్‌కేసు ఎక్కడ ఆగిపోయింది అన్నది పిల్లలే రాసుకొస్తారు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఊరికి ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి. వాన పడితే నీళ్లు వాలు పట్టుకుని ఏటివైపు పోవాలి. మధ్యలో రైలు కట్ట అడ్డం. దాన్ని దాటే అండర్ బ్రిడ్జిలేమో పల్లంలో ఉన్నాయి. 2021 నవంబరు వానలకు ఊరు ఎలా మునిగిందో అందరికీ గుర్తే. వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జి నీళ్లలో ఆ ఏడాదే ఒక ప్రాణం పోయింది. కొండ కింద కపిలతీర్థం దగ్గర బయలుదేరి కాలువ వెంబడి కిందిదాకా నడిచిన పిల్లవాడికి, కాలువ ఎక్కడ సన్నబడింది, ఏ గుంట పూడి దాని మీద ఇళ్లు లేచాయి అన్నది ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దారిలో ముసలివాళ్లను పలకరిస్తే చాలు, గుంటలో తాము ఈత కొట్టిన కథలతో సహా చెప్తారు.

2023లో పూర్తయిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ గురించి కూడా రాయించాలి. పైన వెళ్లేవాళ్లకు ఎంత టైము కలిసొచ్చింది, కింద దుకాణాలవాళ్లు ఏమంటున్నారు, నడిచేవాళ్లు రోడ్డు ఎక్కడ దాటుతున్నారు అన్నవి మూడూ ఒకే వ్యాసంలోకి రావాలి. మెచ్చుకోలు ఒక్కటే రాసినా, తిట్లు ఒక్కటే రాసినా మార్కులు తగ్గించాల్సిందే.

ఇందుకు కార్పొరేషన్ వైపు నుంచి కావలసింది పెద్దగా ఏమీ లేదు. 2016లో మన ఊరు స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. అప్పటినుంచి ఎన్నో పనులు జరిగాయి, జరుగుతున్నాయి. ఆ పనుల డ్రాయింగులు ఇంజనీర్ల దగ్గర, కాంట్రాక్టర్ల దగ్గర ఉంటాయి. వాటి నకలు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ వార్డుకు సంబంధించిన భాగం సచివాలయంలో పెడితే పిల్లలు కాగితం మీద గీసినదాన్నీ నేల మీద కట్టినదాన్నీ పోల్చి చూసుకుంటారు. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి నెల రోజులు ఎదురుచూసే పని తప్పుతుంది. పిల్లలు తప్పులు వెతుకుతారన్న భయం అధికారులకు ఉండవచ్చు. వెతుకుతారు. తారు పోసి, సిమెంటు గట్టిపడ్డాక విజిలెన్సు వాళ్లు వెతకడం కన్నా ముందే పిల్లలు వెతికితే ఖర్చు తక్కువ.

ఇది సివిల్ విద్యార్థులకే పరిమితం చేయనక్కర్లేదు. కామర్స్ పిల్లలు వీధిలో వ్యాపారం లెక్క తీస్తారు, చరిత్ర పిల్లలు గోవిందరాజస్వామి మాడవీధుల వెడల్పుకు, ఉత్సవాలకు ఉన్న సంబంధం రాస్తారు. మహిళా వర్సిటీ అమ్మాయిలు చీకటి పడ్డాక ఏ బస్‌స్టాప్‌లో నిలబడటానికి టెన్షన్ పడుతున్నారో రాస్తే, వీధి దీపాలు ఎక్కడ వేయాలన్నదానికి అంతకు మించిన సర్వే అక్కర్లేదు.

వేసవి సెలవులకు ముందే వర్సిటీలు, కార్పొరేషన్ కూర్చుని వీధుల జాబితా తయారుచేసుకోవాలి. వైవా కూడా కాలేజీ గదిలో కాకుండా ఆ వీధిలోనే, అక్కడి వాళ్ల ఎదుటే పెడితే బాగుంటుంది. ఎండల భయమైతే ఉదయం ఆరున్నరకే పెట్టుకోవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
తిరుపతి