నాన్న ఎందుకు నవ్వలేదంటే

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. నువ్వు కంప్యూటర్‌లో చేసి పంపిన బకెట్ బొమ్మల సినిమా ముందు ఫోన్‌లో మామూలుగా చూశాను. తర్వాత పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని, ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చూశాను. "నాన్న చూశారు, బాగుందన్నారు, నవ్వలేదు" అని రాశావే, నీ బాధంతా ఆ ముక్కలోనే ఉంది. నవ్వించాలని తీసినదాన్ని పట్టుకుని బాగుంది అంటే తిట్టినా ఇంతకంటే నయం అనిపిస్తుంది. నాకు తెలుసు.

కానీ దానికి నువ్వు చెప్పిన కారణం మాత్రం నేను ఒప్పుకోను. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి నీళ్ళు నీళ్ళలా రాలేదట, గోడ మీద వెలుగు సరిగ్గా పడలేదట, అందుకని నవ్వు రాలేదట. కొత్త కంప్యూటర్ కోసం నాన్న దగ్గరికి నన్ను రాయబారం పంపుతున్నావు. ఆ రాయబారం నా వల్ల కాదు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

నీ కథ చాలా బాగుంది, ముందు అది చెప్పాలి. ఇల్లు కారుతోంది, ఒక బకెట్టు చుక్కల్ని పట్టాలని గదంతా గెంతుతోంది, చుక్క ఎప్పుడూ పక్కనే పడుతోంది. మొహం లేని పాత్రని పెట్టుకోవడం తెలివైన పని. మొదటి సినిమాకే మనిషి మొహం పెట్టుకుని, కళ్ళు, కనుబొమ్మలు, పళ్ళు అన్నీ కదిలించలేక మధ్యలో వదిలేసినవాళ్ళు బోలెడంతమంది. నువ్వు ఆ గోతిలో పడలేదు.

ఇప్పుడు 48వ ఫ్రేమ్ దగ్గరికి వెళ్ళు. చుక్క నేలకి తగులుతుంది. సరిగ్గా అదే ఫ్రేమ్‌లో బకెట్టు కూడా దాని పక్కన వాలుతుంది. చూసేవాడు దేన్ని చూడాలి? కన్ను ఒకసారికి ఒక్కదాన్నే పట్టుకుంటుంది. నాన్న బకెట్టుని చూసి ఉంటారు, చుక్క ఆయనకి తెలియకుండానే పడిపోయింది. జోకు జరిగింది, ఆయన అక్కడ లేరు, అంతే.

దాన్ని ఇలా విడగొట్టి చూడు. బకెట్టు ముందు వాలాలి. దాని హ్యాండిల్ ఒక రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా వచ్చి అంచుకి ఠక్కుమని తగలాలి. తర్వాత ఒక అర సెకను, అంటే 12 ఫ్రేములు, ఏమీ జరగకూడదు. బకెట్టు కాస్త నిక్కి నిలబడి ఉంటుంది, "ఈసారి నాదే" అన్నట్టు. అప్పుడు పక్కన టప్. చుక్కని చూపించక్కర్లేదు, శబ్దం చాలు. ఆ తర్వాత కూడా బకెట్టు వెంటనే తిరగకూడదు. ఇంకో 8 ఫ్రేములు అలాగే ఉండి, మెల్లగా, మొత్తం ఒళ్ళు కాకుండా అంచు మాత్రమే అటు వంగాలి. నవ్వు ఆ ఎనిమిదింటిలో వస్తుంది. వాటికి ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలి చెప్పు? బకెట్టు కదలనే కదలదు.

కదలదు అన్నానని రాయిలా ఉంచకు. చేత్తో గీసిన బొమ్మ కాసేపు కదలకుండా ఉన్నా కన్ను ఊరుకుంటుంది. త్రీడీలో అలా కాదు, పూర్తిగా ఆగిపోతే కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకుంటారు. అందుకని హ్యాండిల్ కొంచెం ఊగుతూ ఉండనీ, ఊగీ ఊగనట్టు.

ఇంకో సంగతి. నీ బకెట్టు గెంతులన్నీ ఒకే మెత్తదనంతో ఉన్నాయి, నీళ్ళలో తేలుతున్నట్టు. అది నీ చేతి తప్పు కాదు. రెండు కీఫ్రేములు, అంటే మొదటి భంగిమ, చివరి భంగిమ పెడితే మధ్యలో ఉన్న కదలికని నువ్వు వాడే త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తనంతట తనే మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపుతుంది. అన్నిటికీ అదే వేస్తే పాత్రకి బరువు పోతుంది. ముందు ఇంటర్‌పొలేషన్, అంటే ఆ మధ్య కదలిక నింపే పద్ధతి, "కాన్‌స్టంట్" పెట్టుకుని, భంగిమలు మాత్రమే వేసుకుని, ఒకదాన్నుంచి ఒకదానికి టక్కున మారేలా మొత్తం చూసుకో. అప్పుడే నవ్వు రావాలి. అప్పుడు రాకపోతే తర్వాత ఎంత నున్నగా చేసినా రాదు. వచ్చాక కదలికల్ని గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, పైకి లేచేటప్పుడు ఎంత వేగం, కిందికి దిగేటప్పుడు ఎంత అనేది ఒక్కో గీత పట్టుకుని సరిచెయ్యి.

అన్నట్టు, అది ఇనప బకెట్టా, ప్లాస్టిక్ బకెట్టా? చూస్తే ఇనపదిలా ఉంది, నేల మీద పడినప్పుడు మాత్రం రబ్బరు బంతిలా నొక్కుకుపోతోంది. ఏదో ఒకటి తేల్చుకో. ఇనపదైతే ఒళ్ళు నొక్కుకోదు, అదురుతుంది, హ్యాండిల్ ఎగిరిపడుతుంది. నన్నడిగితే ఇనపదే ఉంచు, శబ్దం బాగుంటుంది. ఒక్కో చుక్కా తప్పిపోయేకొద్దీ గెంతు ఎత్తు తగ్గించు. పాపం దాని కష్టమే దానికి బరువవుతోందని చూసేవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పరికరాల మీద నీకున్న భక్తి వదలడానికి ఒక పాత ముచ్చట చెప్తాను. 1986లో పిక్సార్ అనే యానిమేషన్ కంపెనీ పెట్టిన కొత్తలో అక్కడి యానిమేటర్ జాన్ లాసెటర్ రెండు నిమిషాల చిన్న సినిమా ఒకటి తీశాడు, లక్సో జూనియర్. రెండు టేబుల్ లైట్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒక బంతి. అంతే. కళ్ళు లేవు, నోరు లేదు, మాట లేదు. ఆ ఏడాది సిగ్గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో చూపించాక జిమ్ బ్లిన్ అనే గ్రాఫిక్స్ దిగ్గజం ఏదో అడగడానికి దగ్గరికి వచ్చాడట. ఒక లైటు నీడ ఇంకోదాని మీద పడేలా లెక్క ఎలా కట్టారని అడుగుతాడేమోనని లాసెటర్ లోపల భయపడ్డాడు. ఆయన అడిగింది వేరు. ఆ పెద్ద లైటు అమ్మా, నాన్నా అని! ఇప్పుడు నీ పాత ల్యాప్‌టాప్ చేసేపాటి పని అప్పటి యంత్రాలు చెయ్యలేవు. అయినా గ్రాఫిక్స్‌లో తలపండినవాడు కూడా నీడ సంగతి మర్చిపోయి ఆ లైటు అమ్మా నాన్నా అని ఆలోచించాడు.

మన నాన్ననే చూడు. రాత్రి గేటు గడియ వేస్తారు. రెండడుగులు వేస్తారు. ఆగుతారు. వెనక్కి తిరగరు, ముందు మెడ మాత్రం కొంచెం వంగుతుంది. అప్పుడు మళ్ళీ వెళ్ళి గడియ లాగి చూస్తారు. ఆ మెడ వంగడంలో ఉన్నంత హాస్యం నేను చాలా పెద్ద బడ్జెట్ సినిమాల్లో చూడలేదు. ఆయనకి చెప్పి, ఒప్పుకుంటే ఫోన్‌లో తీసి పెట్టుకో. యానిమేటర్లు చేసేది అదే, కదలిక వెయ్యబోయే ముందు మనిషిని వీడియో తీసుకుని, ఏ ఫ్రేమ్‌లో బరువు ఏ కాలి మీద ఉందో చూసుకుంటారు. బకెట్టుకి మెడ లేకపోతేనేం, అంచు ఉంది.

నీ ఫ్రెండు ఏదో ఖరీదైన సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్ ఇస్తానన్నాడని రాశావు. వద్దు. దొంగ ఫైళ్ళతో వైరస్‌లు వస్తాయన్న భయం ఒకటైతే, అసలు అవసరమే లేదు. బ్లెండర్ వెనక కథ నీకు తెలుసో లేదో. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ అనే ఆయన మొదలుపెట్టాడు. దాన్ని అమ్మే కంపెనీ 2002లో మూతపడింది. పెట్టుబడి పెట్టినవాళ్ళు లక్ష యూరోలు ఇస్తే సోర్స్ కోడ్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ రాసిన అసలు ప్రోగ్రాం, అందరికీ వదిలేస్తామన్నారు. వాడుకునేవాళ్ళే చందాలు వేసుకుని ఏడు వారాల్లో ఆ డబ్బు పోగు చేశారు. ఆ అక్టోబరు నుంచి అది అందరిదీ. 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ సినిమా "ఫ్లో" కూడా బ్లెండర్‌లో చేసిందే. మన బకెట్టుకి చాలదా?

రెండర్, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేముని పూర్తి బొమ్మగా తయారుచెయ్యడం, దాని గురించి టెన్షన్ పడుతున్నావు కాబట్టి లెక్క చెప్తాను. నిమిషం సినిమా అంటే సెకనుకి 24 చొప్పున 1,440 ఫ్రేములు. బ్లెండర్‌లో వెలుగునీడల్ని నిజంలా లెక్కకట్టే సైకిల్స్‌లో ఒక్కో ఫ్రేముకి రెండు నిమిషాలు పడితే 48 గంటలు. అదే త్వరగా పని ముగించే ఈవీలో ఐదు సెకన్లు పడుతుందనుకో, రెండు గంటల్లో అయిపోతుంది. నీడలు అంత నిజంగా ఉండవు, ఉండనక్కర్లేదు, మనం అమ్ముతున్నది నీడలు కాదు కదా. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: నేరుగా వీడియో ఫైలుగా రెండర్ చెయ్యకు. ఫ్రేములన్నీ విడివిడిగా పీఎన్‌జీ బొమ్మలుగా తీసి, తర్వాత కలుపు. 900వ ఫ్రేము దగ్గర కరెంటు పోయిందనుకో, 900 నుంచి మొదలుపెడతావు. వీడియోగా అయితే మళ్ళీ ఒకటి నుంచి.

శబ్దం విషయంలో నువ్వు బద్ధకించావు. ఇంటర్నెట్‌లో దొరికిన నీటిచుక్క శబ్దం అన్నిచోట్లా ఒకటే వేశావు. ఇంట్లో నిజం బకెట్టు ఉంది కదరా! ఖాళీగా ఉన్నప్పుడు ఒక చుక్క, అడుగున కొంచెం నీళ్ళున్నప్పుడు ఒక చుక్క, నేల మీద ఒక చుక్క రికార్డు చెయ్యి. మూడూ మూడు రకాలుగా ఉంటాయి, చివర్లో ఎట్టకేలకు చుక్క బకెట్టులో పడినప్పుడు ఆ తేడా చెవికి తెలియాలి. నేనిక్కడ గొంతు రికార్డింగులన్నీ బట్టల అల్మరాలో తల పెట్టి చేస్తాను. చలికోట్లు వేలాడుతుంటే గోడల ప్రతిధ్వని మొత్తం మింగేస్తాయి. పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

తర్వాతి సినిమాలో రెండు పాత్రలు మాట్లాడుకుంటాయని రాశావు. అయితే ముందు గొంతులు రికార్డు చేసుకో, తర్వాతే బొమ్మ కదిలించు. ప్రతి అక్షరానికీ నోరు మార్చకు, నోరు వణుకుతున్నట్టుంటుంది. ప, బ, మ వచ్చిన చోట పెదాలు కచ్చితంగా మూసుకోవాలి, ఆ, ఓ వచ్చిన చోట బాగా తెరుచుకోవాలి. ఆ రెండూ కుదిరితే మిగతావి చూసేవాళ్ళే సర్దుకుంటారు. నోరు శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే తెరిస్తే ఇంకా సహజంగా ఉంటుంది. గొంతుకి అమ్మని అడుగు. ఫోన్ పెట్టేశాక అవతలి మనిషి ఎలా మాట్లాడిందో చేసి చూపిస్తుందే, ఆ గొంతు కావాలి. మైకు ముందు కూర్చోబెడితే మాత్రం వార్తలు చదివినట్టు చదువుతుంది, కాబట్టి కాగితం ఇవ్వకు, సంగతి చెప్పి ఆవిడ మాటల్లోనే చెప్పమను.

ఇక నలుగురికీ చూపించే సంగతి. నాన్నకి వాట్సాప్‌లో పంపించి ఉంటావు. మామూలు వీడియోలా పంపితే అది పిండేస్తుంది, నీ చీకటి గదిలో చుక్క మసకబారిపోతుంది. డాక్యుమెంటుగా పంపు. ఇంకా మంచిది, పక్కన కూర్చుని చూపించు. "ఇప్పుడు చూడండి" అనకు, జోకు ముందే చెప్పకు, స్క్రీన్ చూడకు. ఆయన మొహం చూడు. ఎక్కడ కళ్ళు పక్కకి పోయాయో అక్కడ కత్తిరించు. చుట్టాల గ్రూపులో వేస్తే అందరూ చప్పట్ల బొమ్మ పెడతారు, వాళ్ళలో సగం మంది తెరిచి కూడా ఉండరు. అది లెక్కలోకి తీసుకోకు.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు వెనక సినిమా పాట వెయ్యాలని ఉందన్నావు, వద్దు. వేరేవాళ్ళ పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు, కంటెంట్ ఐడీ, ఇట్టే పట్టేస్తుంది, వీడియో నీది, డబ్బులు వస్తే పాటవాళ్ళవి. బయట దొరికే ఉచిత శబ్దాలకి కూడా లైసెన్సు చదువు. సీసీ జీరో, అంటే చేసినవాళ్ళు హక్కులన్నీ వదిలేసినది, అయితే దిగుల్లేదు, అట్రిబ్యూషన్ అంటే చేసినవాళ్ళ పేరు వెయ్యాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు ఇది పిల్లల కోసం చేసిందా అని అడుగుతుంది. బొమ్మలు కాబట్టి అవునని నొక్కేసేవాళ్ళు చాలామంది. నిజంగా పిల్లల కోసమే తీస్తే అలాగే పెట్టాలి, కానీ అప్పుడు కామెంట్లు ఉండవు. నీది పెద్దవాళ్ళు నవ్వుకునే కథ, కాబట్టి ఆలోచించి నొక్కు. నిలువు షార్ట్‌గా కత్తిరించాలని మాత్రం చూడకు. బకెట్టు ఒక పక్క, చుక్క ఇంకో పక్క ఉండటమే నీ కథ. వెడల్పు తీసేస్తే రెండూ ఒకచోటే ఉంటాయి, ఇక పరిగెత్తడానికేముంది? నిలువుగా కావాలంటే వేరే కథ రాసుకో, చుక్క పైనుంచి కిందికి చాలాసేపు పడేది.

నాన్నతో నేను మాట్లాడతాను, కంప్యూటర్ గురించి కాదు, సెలవుల్లో నిన్ను రాత్రి పదకొండు దాకా కూర్చోనివ్వమని. పదకొండు తర్వాత మాత్రం నేను పూచీ కాదు.

సరిచేశాక బ్లెండర్ ఫైలు నాక్కూడా పంపు. ఈసారి పంపే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌టర్నల్ డేటాకి వెళ్ళి ప్యాక్ రిసోర్సెస్ నొక్కు. మొన్న నువ్వు పంపినదాంట్లో బొమ్మల ఫైళ్ళు రాలేదు. నీ గది గోడలు, నేల, బకెట్టు అన్నీ నాకిక్కడ ముదురు గులాబీ రంగులో తెరుచుకున్నాయి.

అమ్మానాన్నలకి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క