పందిరి గుంతలు పూడ్చేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

నగరాన్ని ఆనుకుని ఉన్న పచ్చని పల్లెల్లో మైదానం సాధారణంగా ఒక్కటే ఉంటుంది. వాలీబాల్ అక్కడే, నాటకాలూ సభలూ అక్కడే. ఆట చెడితే మాత్రం నేరం చుట్టూ ఉన్న చెట్ల మీదికి పోతుంది. నిజానికి చెట్లకన్నా ఎక్కువ చేటు చేసేది పందిరి గుంజల గుంతలు.

పందిరి విప్పాక గుంతలోకి పారతో మట్టి నెట్టి, కాలితో తొక్కి వెళ్లిపోతారు. పైకి చదునుగానే ఉంటుంది. గట్టి వాన పడగానే లోపలి వదులు మట్టి దిగిపోతుంది. బంతి కోసం ఎగిరినవాడి కాలు అందులో పడితే చీలమండ బెణుకుతుంది. గుంత పూడ్చేముందు కర్రముక్కలు, ఆకులు ఏరేయాలి. అవి కుళ్లితే మళ్లీ కుంగుతుంది. తర్వాత బెత్తెడు మందాన మట్టి పోసి, దిమ్మిసతో గుద్ది, ఆపైన మరో పొర వేయాలి. మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే విరగాలి. అంతకన్నా తడిగా ఉంటే దిమ్మిసకు అంటుకుంటుంది తప్ప అణగదు.

అసలు కోర్టులో తవ్వకుండా ఉండటమే మేలు. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్లు ఖాళీ ఉండాలి. గుంజలు ఆ ఖాళీకి అవతలే పాతాలి. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో టేపుతో ఐమూలగా చూడండి. రెండు కొలతలూ 20.12 మీటర్లు రావాలి. (క్రికెట్ పిచ్ పొడవూ అంతే కావడం కాకతాళీయం!) నీరు నిలవకుండా మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు ఇవ్వొచ్చు, ఆట నియమాలు ఒప్పుకుంటాయి.

ఇక చెట్లు. కోర్టు పైన 7 మీటర్ల ఎత్తు దాకా ఖాళీ కావాలి కాబట్టి, అంతకు దిగువన చొచ్చుకొచ్చిన కొమ్మలు తీస్తే చాలు, మాను జోలికి పోనక్కర్లేదు. పెద్ద కొమ్మకు ముందు కింది నుంచి కొంత కోసి, ఆ తర్వాతే పైనుంచి కోయాలి. లేకపోతే విరిగేటప్పుడు మాను బెరడును చీల్చుకుపోతుంది. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దు కళ్లలో పడదు. అప్పుడు పడమటి చెట్లు సాయంత్రం ఆటకు నీడనిస్తాయి. నెట్ తీగను మాత్రం చెట్టుకు కట్టొద్దు. మాను లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగి, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరకుండా అడ్డుపడుతుంది. రెండు ఇనుప స్తంభాలు వేయించుకుంటే నెట్ పురుషులకు 2.43, మహిళలకు 2.24 మీటర్ల ఎత్తులో కదలకుండా నిలుస్తుంది.

మైదానం చూసుకునే కమిటీలకు ఒక్క మనవి. పందిరి వేసేవారి దగ్గర డిపాజిట్ తీసుకోండి. దాన్ని పందిరి విప్పిన రోజున కాదు, ఒక మంచి వాన పడ్డాక తిరిగివ్వండి.

– ఒక వాలీబాల్ అభిమాని