ఏనుగుల ఇంట అప్పగింతలు ఉండవు

సంపాదకులకు,

ఏనుగులనూ తల్లీకూతుళ్ల అనుబంధాన్నీ కలిపి అల్లిన నవలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన సమీక్ష చదివాం. భాష గురించి అన్నదాంట్లో మాకు పేచీ లేదు. కానీ సమీక్షకులు అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకున్న ఘట్టమే తలకిందులుగా ఉంది. కూతురి అప్పగింతల వేళకే అడవిలో పడుచు ఆడ ఏనుగు మందను వదిలిపోతుందట! ఏనుగుల్లో ఇల్లు విడిచేది కొడుకు. పది, పదిహేనేళ్ల వయసులో మందకు దూరమై ఒంటరిగానో, తోటి మగవాటితోనో తిరుగుతాడు. కూతురు తల్లి, అమ్మమ్మ, పిన్నుల మధ్యే పెరిగి, అక్కడే ఈని, అక్కడే ముసలిదవుతుంది.

రచయితకు కావలసిన కథ నిజానికి తొలి కాన్పులో ఉంది. చూలు దాదాపు 22 నెలలు. పుట్టిన గున్న వంద కిలోల దాకా తూగుతుంది, ఎత్తు మూడడుగులు. పొదుగు ఆవుకులా వెనక ఉండదు, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. గున్న తొండాన్ని పైకి మడిచి నోటితో తాగుతుంది. నవలలో రాసినట్టు తొండంతో పీల్చదు, తొండం అదుపులోకి రావడానికే నెలలు పడుతుంది. తొలిచూలు తల్లి బెదిరి పక్కకు జరిగితే గున్నకు పాలు అందవు, ఒక్కోసారి తన్నేస్తుంది కూడా. అడవిలో పక్కనే అనుభవమున్న ఆడ ఏనుగులుంటాయి, పైగా అది చిన్నప్పటి నుంచి మందలోని గున్నలను కాచిన పిల్ల. పెద్దదిక్కు లేకుండా శిబిరంలో పెరిగినదానికే ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు మావటి దాన్ని కదలకుండా నిలిపి, గున్నను ముందుకాళ్ల దగ్గరికి చేర్చాలి. తల్లి లేని లోటు చూపడానికి ఇంతకన్నా చోటేముంది?

ఇక నవలలోని ఏనుగు కన్నీళ్ల మాట. కంటినీరు ముక్కులోకి జారే నాళం ఏనుగుకు లేదు కాబట్టి చెంప మీదికి కారడం మామూలే. దుఃఖమే చూపాలంటే, చనిపోయిన గున్నను తొండంతో ఎత్తుకుని తిరిగే తల్లులను మన అడవుల్లోనే చూశారు.

కథను పలమనేరు వైపు నడపడం బాగుంది. అయితే అక్కడి కౌండిన్య అడవికి ఏనుగులు తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చింది 1980లలో. అమ్మమ్మ 1950లో అక్కడ మందను చూసిందనడం కుదరదు.

మలి ముద్రణ వేస్తే ముఖచిత్రం కూడా మార్చాలి. తల్లి ఏనుగుకు అంత పొడవాటి దంతాలు గీశారు. మన ఏనుగుల్లో అవి మగవాటికే, అదీ అన్నిటికీ ఉండవు.

– కొందరు పాఠకులు, బెంగళూరు