జబ్బుతో పోయినవాడు సైనికుడు కాడా?

సంపాదకుల వారికి,

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, భారత గుర్రపు దళాలు ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణాన్ని తుర్కుల నుంచి గెలుచుకున్న రోజు హైఫా దినం. ఆ సందర్భంగా సెప్టెంబరు 23న మీరు వేసిన వ్యాసం చదివాను. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి మన నిజాం గుర్రపు దళమైన హైదరాబాద్ లాన్సర్లదని గుర్తుచేశారు, సంతోషం. కానీ హైఫా చేజిక్కడంతోనే మీ కథ ఆగిపోయింది. అసలు చావులు ఆ తర్వాతే. మనవాళ్లున్న ఆ గుర్రపు సైన్యం డమాస్కస్ దాకా సాగేసరికి, 1918 అక్టోబరులో, మలేరియా పట్టుకుంది. దాని వెంటే ఇన్‌ఫ్లూయెంజా. పోరులో కూలినవారికంటే ఆసుపత్రుల్లో పోయినవారే ఎక్కువ. తమ శిబిరాల చుట్టూ నీటి గుంటలు పూడ్చుకున్నారు, నూనె చల్లుకున్నారు. ముందుకు దూకిన నేల మాత్రం శత్రువుది, అక్కడ దోమకు అడ్డెవరు? కుట్టిన పది పదిహేను రోజులకు మంచం. ఆ దోమ గుట్టు రొనాల్డ్ రాస్ మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న పట్టుకుని అప్పటికి ఇరవై ఒక్కేళ్లు!

ఇది నన్నింతగా పట్టి లాగడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. ఇంటి పక్కనే పాత శ్మశానం. మనం అటువైపు షికారు పోతామా? అక్కడ పోతారు, నేనూ అలవాటు పడ్డాను. ఏ రాయి చూసినా డచ్చి ఇంటిపేరే. మా బందరులో వలందపాలెం అంటామే, ఆ ఒలందుల దేశస్థులు. 1847 నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్లు కట్టుకుని ఉన్నారు.

ఒక రాయి మీద నెదర్లాండ్స్‌లో పుట్టుక, అమెరికా సైన్యం, 1919లో మరణం. లెక్కేస్తే ఇరవై నాలుగేళ్లు. అక్కడ పూలమొక్కకు నీళ్లు పోస్తున్న పెద్దావిడ అతని అన్నగారి మనవరాలట. ఫ్రాన్స్ నుంచి ఓడలో తిరిగొచ్చాడట. ఒంటిమీద గీత లేదు, దగ్గు మాత్రం తెచ్చుకున్నాడు, నాలుగు నెలలు గడవలేదు అంది. పుట్టిన దేశం ఆ యుద్ధంలో ఎవరి పక్షానా లేదు. బతకడానికొచ్చిన దేశం రమ్మంటే వెళ్లాడు. అప్పుడు అమెరికా సైనికులు సుమారు 53 వేల మంది పోరులో చనిపోతే, మరో 63 వేల మంది ఇతర కారణాలతో, ముఖ్యంగా జబ్బులతో పోయారు. ఏటా మే ఆఖరి సోమవారానికి సైనికుల సమాధుల దగ్గర చిన్న జెండాలు గుచ్చుతారు. ఇతని దగ్గరా ఉంది. తూటానా, దగ్గా అని ఎవరూ అడిగినట్టు లేదు.

మా తమ్ముడు 1988లో శాంతిసేనతో శ్రీలంక వెళ్లాడు. జ్వరంతో తిరిగొచ్చాడు, కామెర్లు ముదిరాయి. సెలవు మీద ఇంటికొచ్చి, మా కళ్ల ముందే పోయాడు. ఇరవై ఆరేళ్లు. తర్వాతెప్పుడో మా పేటలో అమర జవాన్ల పేర్లతో పలక పెడుతున్నారని తెలిసి అమ్మా నేనూ వెళ్లాం. "జబ్బుతో పోయాడు కదమ్మా, యుద్ధంలో కాదు కదా" అన్నారు. అమ్మ కొంగు సర్దుకుని లేచింది, దారంతా ఒక్క మాట లేదు.

మా మరదలికి వచ్చింది మామూలు కుటుంబ పింఛనే. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని ఒప్పుకుంటే ప్రత్యేక కుటుంబ పింఛను, అది బాగా ఎక్కువ. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత బయటపడితే సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి, కాదని చూపించే భారం సర్కారుదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది 2013లో. అప్పటికి మరదలు పోయి రెండేళ్లు.

వచ్చే సెప్టెంబరులో హైఫా గురించి వేసేటప్పుడు ఆ అక్టోబరు జ్వరాలకు ఒక్క పేరా ఇవ్వండి. ఇంకో విన్నపం. "అనారోగ్యంతో జవాను మృతి" అని జిల్లా పేజీలో ఓ మూల వేస్తుంటారు. అతను ఎక్కడెక్కడ పనిచేశాడో, ఎప్పుడు తిరిగొచ్చాడో విలేకరి చేత రెండు వాక్యాలు రాయించండి. ఆ కాగితం ముక్క తర్వాత ఇంట్లోవాళ్లకు పనికొస్తుంది. మేమైతే ఆ తేదీల కోసం తమ్ముడి ట్రంకుపెట్టె మొత్తం నేలమీద బోర్లించుకున్నాం.

— విశ్రాంత ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్