మే నెలంతా మా పెద్దలకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

గుంటూరు కతోలిక మేత్రాసనంలోని (బిషపు గారి పరిధిలోని) మా చిన్న విచారణలో, అంటే ఒక గుడికి చెందిన విశ్వాసుల సంఘంలో, పిల్లలకు, కుటుంబాలకు, వయసు మళ్లినవారికి కలిపి ఈ 2025 మే నెలంతా జరిపిన వేసవి కార్యక్రమాలు 31వ తేదీన, మరియమాత ఎలిజబెతమ్మను సందర్శించిన పండుగనాడు, ముగిశాయి. ఆ నెల రోజులూ మాకు సాయపడినవారి ఇళ్లకు వెళ్లి చెప్పవలసిన మాటలను, అన్ని ఇళ్లకు తిరగడం నా వల్ల కాక, ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయవద్దని చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఎవరి సంగతి వారికి చదవగానే తెలిసిపోతుంది.

నేను నిర్వాహకులలో ఒకరిని కాను, కేవలం మా అమ్మ కూతురిగా రాస్తున్నాను. అమ్మకు 84 ఏళ్లు. రెండేళ్ల కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె చక్రాల కుర్చీకి, మంచానికి పరిమితమైంది. ఆదివారం దివ్యపూజ టీవీలో చూసేది. నెలలో మొదటి శుక్రవారం సిస్టరమ్మ ఇంటికి తెచ్చే దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) కోసం తెల్లవారుజామునే తల దువ్వించుకొని కూర్చునేది. ఆమెను గుడికి తీసుకువెళ్లలేదని ఎవరినీ తప్పుపట్టలేను, ఎందుకంటే ముందుగా తప్పుపట్టవలసింది నన్నే. కుర్చీ ఎక్కించడం, దించడం, మధ్యలో ఆమెకు అవసరం పడితే ఎక్కడికి తీసుకువెళ్లాలో తెలియకపోవడం, ఇవన్నీ తలచుకొని నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

ఈస్టరు తరువాతి వారంలో విచారణ గురువులు మా ఇంటికి వచ్చారు. ఆరోగ్యం అడిగి, ఆశీర్వదించి వెళతారనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కొని అమ్మ ఎదురుగా కూర్చుని, "అమ్మా, మన పిల్లలకు ఇంగ్లీషులో జపాలు వస్తున్నాయి కానీ తెలుగులో రావడం లేదు. మే నెలలో వాళ్లకు మీరు నేర్పాలి" అన్నారు. "కుర్చీ దిగలేనిదాన్ని నేనేం నేర్పుతాను ఫాదర్?" అంది అమ్మ. "జపానికి కాళ్లతో పనేముందమ్మా?" అన్నారాయన. ఆ సాయంత్రం అమ్మ ట్రంకుపెట్టెలోంచి తన పాత జపముల పుస్తకం తీయించింది. దాని అట్ట ఊడిపోతే ఎప్పుడో మా నాన్నగారి పాత చొక్కా గుడ్డతో కుట్టుకున్న పుస్తకం అది. అందులో ఉన్నదంతా ఆమెకు కంఠస్థమే, అయినా వారం రోజులు పేజీలు తిప్పుతూనే ఉంది.

ఫాదర్ గారికి నా మొదటి కృతజ్ఞత ఇందుకే. పెద్దవాళ్లకు పండ్లు పంచి, శాలువా కప్పి, ఫొటో తీసుకొని పంపించే సభలు నేను చాలా చూశాను. వాటిని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. అయితే ఈసారి పదకొండుమంది పెద్దలకు ఆయన పని అప్పగించారు. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, ఎండ ముదరకముందే, గుడి వరండాలో నాలుగేసి పిల్లలకు ఒక అమ్మమ్మో తాతయ్యో చొప్పున కూర్చోబెట్టారు. సత్యోపదేశం, అంటే మతబోధ, పాఠాలు సిస్టర్లు, ఉపదేశిగారు చెప్పేవారు, జపాలు మాత్రం పెద్దలవి.

ఆ వరండాలో ఒక ఉదయం నేను విన్నది చెప్పకుండా ముందుకు పోలేను. అమ్మ దగ్గరకు వచ్చిన నలుగురిలో హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన మా అన్నయ్య మనవరాలు కూడా ఉంది. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" దాకా బాగానే వచ్చింది. "ఏలినవారు మీతో ఉన్నారు" అనగానే ఆ పిల్ల ఆగి, "తాతమ్మా, ఏలినవారంటే ఎవరు?" అని అడిగింది. "మనల్ని ఏలే ప్రభువు" అంది అమ్మ. "మరి అమ్మను నువ్వు అంటాం కదా, మరియమ్మను మీరు అని ఎందుకంటున్నాం?" అన్నది రెండో ప్రశ్న. అమ్మ కాసేపు ఆలోచించి, "నా చిన్నప్పుడు నేను మా అమ్మను కూడా మీరనే అనేదాన్ని" అని జవాబిచ్చింది. ఆ సంగతి యాభై ఏడేళ్లు వచ్చిన నాకే తెలియదు. "పాపాత్ములమైయుండెడు" అన్న మాట దగ్గర నలుగురి నాలుకలూ తడబడ్డాయి. దాన్ని మూడు ముక్కలు చేసి, వేళ్లు మడిచి, తాళం వేయించి మరీ పలికించింది. నెలాఖరుకు జపమాల మొత్తం ఆ నలుగురే చెప్పించారు.

మరోరోజు పిల్లలు ఆమెను లాటిను అడిగారు. రెండవ వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 వరకు జరిగిన తరువాతనే మన గుళ్లలో పూజ తెలుగులోకి వచ్చింది కాబట్టి అమ్మ తన పెళ్లినాటి దాకా లాటిను పూజలోనే పెరిగింది. గురువు "దోమినుస్ వోబిస్కుమ్" అంటే జనం ఏమనాలో ఆమెకు ఇంకా గుర్తుంది. "ఎత్ కుమ్ స్పిరితు తువో" అని ఆమె పలికితే పిల్లలు అదేదో మంత్రమని నవ్వారు. అర్థం తెలియకుండా ఇరవై ఏళ్లు చెప్పానని అమ్మ కూడా నవ్వింది.

ఇదంతా జరగడానికి రోజూ తెల్లవారుజామున ఆమెను ఇంటినుంచి గుడికి చేర్చిన చేతులు వేరే ఉన్నాయి. మా వీధి చివర ఉండే ఆటో తమ్ముడు ముస్లిం. మొదటిరోజు కిరాయి ఇవ్వబోతే తీసుకున్నాడు; రెండోరోజు నుంచి తీసుకోలేదు. నేను బలవంతం చేస్తే, "అక్కా, మా అమ్మీకి ఇట్లా కూర్చునే భాగ్యం లేకపోయింది, ఉండనీ" అన్నాడు. అతను తన ఆటోలో వెనుక సీటు ముందు ఒక చెక్కపలక బిగించుకొచ్చాడు, కాలు చాచుకుంటే నొప్పి తగ్గుతుందని. ఆ పలక గురించి నేను అడగలేదు, అలాంటిది అవసరమన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అతనితోపాటు మరో ఇద్దరు ఆటోవాళ్లు మిగిలిన పెద్దలను వంతులవారీగా తెచ్చారు.

మే 8వ తేదీ రాత్రి మా ఇంట్లో జపమాల. అది అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది, పెద్దలు లేవబోతుండగా, కొత్త జగద్గురువు (పోపు) ఎన్నికయ్యారనడానికి గుర్తుగా రోములో తెల్లపొగ వచ్చిందని ఎవరో కేకవేశారు. ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ జగద్గురువులు కన్నుమూసిన దగ్గరనుంచి అందరూ ఆ కబురు కోసమే ఎదురు చూస్తున్నారు. ఇక ఎవరూ కదలలేదు. పేరు ప్రకటించేసరికి పదిన్నర దాటింది. 12వ భక్తినాథ (పయస్) జగద్గురువుల కాలంలో పుట్టిన మా అమ్మకు 14వ లియో జగద్గురువులు ఎనిమిదోవారు. వేళ్లమీద లెక్కపెట్టి మరీ చెప్పింది. బయట ఆటో తమ్ముడు అంతసేపూ వేచి ఉన్నాడు. ఒక్కసారి మాత్రం గుమ్మంలోంచి తొంగి చూసి, "మీ పెద్దాయన ఎవరో తేలిందా అక్కా?" అని అడిగాడు. పదకొండు దాటాక ఆరుగురిని వారి వారి ఇళ్లకు దించి వెళ్లాడు.

గుణదల ప్రయాణం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది దాదాపు ఆగిపోయింది. మే మూడో వారంలో 23 మంది పెద్దలను, అంతమంది పిల్లలను మరియమాత కొండకు తీసుకువెళ్లాలని నిర్ణయించారు. బస్సు ఇస్తామన్న ఒక విద్యాసంస్థవారు ముందురోజు రాత్రి ఎనిమిది గంటలకు డ్రైవరు లేడని ఫోను చేశారు. అప్పటికే పులిహోరకు చింతపండు నానబెట్టి ఉంది. ఆ సమయంలో మా విచారణ యువకులు ముగ్గురు బైకులమీద తిరిగి, పెళ్లిళ్లకు తిప్పే ఒక ట్రావెలరు యజమానిని, కార్లున్న నాలుగు కుటుంబాలను రాత్రి పదకొండుకల్లా ఒప్పించారు. ఆ నాలుగు కార్లలో రెండు మన విచారణవారివి కావు. ఒకటి మా పక్కింటి హిందూ దంపతులది. వారు కారుతోపాటు తామే వచ్చారు, పైగా దారిపొడవునా మా అమ్మ చెప్పిన పాత బెజవాడ కబుర్లన్నీ ఓపికగా విన్నారు.

ఫాదర్ ఆర్లాటి గుణదలలో మరియమాత స్వరూపాన్ని 1924లో ప్రతిష్ఠించారు. అమ్మ తొమ్మిదేళ్ల వయసులో ఫిబ్రవరి పండుగకు రైలెక్కి బెజవాడలో దిగి, అక్కడినుంచి తలమీద మూటతో నడిచి వెళ్లిందట. కొండమీది సిలువ దాకా ఎక్కింది ఆనాడే. ఈసారి ఆమె కింద గుడిలోనే ఉండిపోయింది. ప్రతి పెద్దమనిషికీ జతగా ఒక పిల్లనో పిల్లవాణ్నో ఇచ్చారు. పెద్దలు కొబ్బరికాయ, కొవ్వొత్తి వాళ్ల చేతికిచ్చి తమ మొక్కు చెప్పి పంపితే, పిల్లలు వాటితో మెట్లెక్కారు. అమ్మకు జతపడిన ఏడో తరగతి అబ్బాయి దిగివచ్చి, "మామ్మా, నీ మాటలు అక్కడ చెప్పేశాను, ఒకటి మర్చిపోయి మళ్లీ పైకెళ్లి చెప్పొచ్చాను" అన్నాడు. మరిచిపోయిన ఆ మొక్కు ఏమిటో ఇద్దరూ నాకు చెప్పలేదు. ఆ బాబు తల్లిదండ్రులకు నా నమస్కారాలు.

ఆదివారం సాయంత్రాలు కుటుంబాలు కలిసి సువిశేషం (సువార్త) చదివే కార్యక్రమం గురించి నేను ఎక్కువ రాయలేను, రెండింటికే వెళ్లగలిగాను. గుమ్మం దగ్గర ఒక వెదురుబుట్టలో ఫోన్లన్నీ వేయించడం మాత్రం నాకు బాగా నచ్చింది. మొదటివారం మగవాళ్లే ఎక్కువ గొణిగారు.

ఇక మే 31. ఆ రోజు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే జబ్బుపడినవారికి నూనె రాసి ప్రార్థించే సంస్కారం, ఇస్తామని ప్రకటించగానే కొందరు పెద్దలు భయపడ్డారు. దాన్ని అవస్థ అభ్యంగనమని పిలిచి, ప్రాణం పోయే వేళకే గురువును పిలిపించే అలవాటు వారిది. ఒకావిడ, "ఫాదర్, నేనింకా ఇప్పుడే పోవడం లేదండీ" అని ముఖానే చెప్పింది. ఫాదర్ గారు నొచ్చుకోలేదు. వాటికన్ మహాసభ ఈ సంస్కారాన్ని చావుబతుకుల మధ్య ఉన్నవారికే పరిమితం చేయవద్దన్నదని, 1972లో ఆరవ పౌలు జగద్గురువులు దాని విధానాన్ని సవరించారని, జబ్బుతోనూ వయసుతోనూ బలహీనపడినవారికి ఓదార్పు, బలం ఇవ్వడం దీని ఉద్దేశమని ముందు ఆదివారం ప్రసంగంలో విడమరచి చెప్పారు. యాకోబు లేఖ అయిదో అధ్యాయంలోని మాటలను కూడా చదివి వినిపించారు. ఆ రోజు నుదుటిమీద, రెండు అరచేతుల్లో నూనె రాయించుకున్నవారిలో ఆవిడే మొదటివారు.

ఈ ఏడు నైరుతి ముందుగానే వచ్చింది. నెలంతా ఎండకు సిద్ధమై, కుండల్లో నీళ్లు, మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు అన్నీ చూసుకున్నాం కానీ, రోహిణి కార్తెలో వాన పడుతుందని ఎవరూ అనుకోలేదు. ముందు రాత్రి వానకు గుడి ఆవరణ బురదైంది. గేటుకు పది అడుగుల లోపల అమ్మ కుర్చీ చక్రం దిగబడింది. నేను వెనుకనుంచి నెట్టేకొద్దీ అది ఇంకా లోతుకు పోయింది. నలుగురు వచ్చి కుర్చీతో సహా అమ్మను భుజాల ఎత్తుకు లేపి గుడి మెట్ల మీదుగా పీఠం ముందుకు తెచ్చారు. వారిలో షామియానా విప్పుకుపోవడానికి వచ్చిన టెంటు హౌసు అబ్బాయి కూడా ఉన్నాడు. అతని చొక్కా భుజం మీద కుర్చీ బురద మరక పడింది. పైనుంచి అమ్మ, "సురూపాన్ని ఊరేగించినట్లుంది, దించండర్రా" అని సిగ్గుపడుతూనే రెండు చేతులతోనూ జనానికి దండం పెట్టింది.

ఆ పూజలో ఫాదర్ గారు లూకా సువిశేషం మొదటి అధ్యాయం మీద చెప్పినదాంట్లో ఒక్క ముక్క నా మనసులో నిలిచింది. మరియమ్మ కొండసీమకు వెళ్లి ఆ ముసలితనంలో గర్భం దాల్చిన బంధువు ఇంట్లో ఇంచుమించు మూడు నెలలు ఉన్నదని సువిశేషం చెబుతోంది. ఆ మూడు నెలలు నీళ్లు తోడి, పొయ్యి ఊది, కాళ్లు పట్టి ఉంటుందని ఆయన అన్నారు. నా ఎదుట వరసలో ఆ నెలంతా ఆ పనులే చేసిన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఉదయం అయిదింటికే వచ్చి ఉప్మా, రాగిజావ కాచినవారు, వరండా పక్కన తాత్కాలికంగా కుర్చీ పట్టేంత మరుగుదొడ్డి కట్టించి రోజూ తామే కడిగినవారు, ప్రతి పెద్దమనిషికీ బీపీ చూసి కాగితంమీద రాసిపెట్టిన నర్సమ్మ, అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ మరుగుదొడ్డి లేకపోతే మా అమ్మ ఒక్కరోజుకు మించి వచ్చేది కాదు, ఈ మాట ఎవరైనా రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను.

జూలై నాలుగో ఆదివారం, అంటే 27వ తేదీన, తాతలు అమ్మమ్మలు నాయనమ్మలకోసం ఫ్రాన్సిస్ జగద్గురువులు 2021లో నెలకొల్పిన దినం వస్తుంది. ఆ రోజుకు ఆటోలు సిద్ధమని తమ్ముళ్లు ఇప్పటికే చెప్పారు. అమ్మ ఇప్పుడు "వేదసత్యములు" వల్లె వేసుకుంటోంది, ఈసారి పిల్లలు ఏమి అడుగుతారో తెలియదని.

కార్యక్రమాల హడావిడిలో మా ఇంట్లో మిగిలిపోయినవి: రెండు నల్ల గొడుగులు, మూత లేని ఒక స్టీలు క్యారియరు, నీలం గాజు పూసల జపమాల ఒకటి, పిల్లల చెప్పు ఎడమకాలిది ఒకటి. అవి ఎవరివో వారు వచ్చి తీసుకువెళ్లగలరు. సాయంత్రం పూట వస్తే అమ్మ మెలకువగా ఉంటుంది, టీ తాగకుండా పంపించదు.